తప్పు మెహ్విష్ ఒక్కదానిదేనా?

పాకిస్తానీ టీవీ సీరియల్ 'మేరే పాస్ తుమ్ హో' బలమంతా అందులోని భర్త దానిష్ మంచితనమే అని, దాని మీద వచ్చిన వ్యాసంలో రాశారు. ఒప్పుకోలేను. 2020 జనవరిలో చివరి ఎపిసోడ్‌ను పాకిస్తాన్ సినిమా హాళ్లలో కూడా వేశారు. దానిష్ చనిపోతే నాకూ ఏడుపొచ్చింది. కానీ భర్తనీ కొడుకునీ వదిలి వెళ్లిన మెహ్విష్‌ను తిట్టినంతగా, పెళ్లయి ఉండీ ఆమెకు డబ్బు ఆశ చూపిన షహ్వార్‌ను ఎవరు తిట్టారు?

ఇంకో పాకిస్తానీ సీరియల్ 'హమ్‌సఫర్' తీసుకోండి. అత్త ఫరీదా కుట్ర పన్ని కోడలు ఖిరద్ మీద నింద వేస్తే, భార్య చెప్పేది వినకుండానే అషర్ నమ్మేశాడు. కడుపుతో ఉన్న పిల్లను ఇంట్లోంచి గెంటేశారు. అది ద్రోహం కాదా? అయినా అషర్ అందరికీ గొప్ప ప్రేమికుడే! ఆ పాత్రను ఫవాద్ ఖాన్ బాగా చేశాడు, కాదనను. అంతమాత్రాన అషర్ చేసింది చిన్న తప్పయిపోదు.