శుక్రుడి దారి లెక్క

సూర్యుడి వైపు వెళ్లడం పల్లానికి జారినంత తేలికని అనిపిస్తుంది. అసలు చిక్కంతా అక్కడే ఉంది. భూమి సెకనుకు దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో సూర్యుడి చుట్టూ తిరుగుతోంది. ఇక్కడి నుంచి బయల్దేరే ప్రతి నౌకకూ ఆ వేగం ఉంటుంది. లోపలి గ్రహాలకు చేరాలంటే అందులో కొంత వదిలించుకోవాలి. తీరా లోపలికి వెళ్లేకొద్దీ సూర్యుడి ఆకర్షణ వల్ల వేగం మళ్లీ పెరుగుతుంది. బుధుడి దగ్గరైతే వేగం తగ్గించుకోవడానికి వాతావరణమూ లేనట్టే. అంతా ఇంజిన్‌తోనే చేయాలంటే మోయలేనంత ఇంధనం కావాలి.

దీనికి జవాబు లెక్కల్లో దొరికింది. నాసా నౌక మెరైనర్-10 బుధుణ్ని దాటాక 176 రోజులకోసారి సూర్యుణ్ని చుట్టేలా చేస్తే, అంటే బుధుడి ఏడాదికి రెట్టింపు సమయంలో, మళ్లీ మళ్లీ ఆ గ్రహాన్ని కలుస్తుందని ఇటలీ శాస్త్రవేత్త జుసెప్పే కొలంబో 1970లో సూచించారు. 1974-75లో ఆ నౌక మూడుసార్లు బుధుడి పక్కనుంచి వెళ్లింది. బుధుడి చుట్టూ కక్ష్యలో నిలవడం అంతకన్నా కష్టం. శుక్రుడు, బుధుడి పక్కనుంచి పదేపదే వెళ్తూ, వాటి ఆకర్షణతోనే వేగాన్ని సరిచేసుకునే దారులను నాసా పరిశోధన కేంద్రం జేపీఎల్‌లోని చెన్-వాన్ యెన్ 1985లో కనుగొన్నారు. 2004లో బయల్దేరిన నాసా నౌక మెసెంజర్ అలాంటి దారిలోనే 2011 మార్చిలో బుధుడి కక్ష్యలోకి చేరింది. ఇంత పొదుపు చేసినా, బయల్దేరినప్పుడు దాని బరువులో సగానికి పైగా ఇంధనమే!

ఇప్పుడు మన వంతు వచ్చింది. 1,236 కోట్ల రూపాయల శుక్రయాత్రకు 2024 సెప్టెంబర్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదం తెలిపింది. ప్రయోగం 2028 మార్చిలో జరగాలి. శుక్రుడికి అనుకూలమైన సమయం సుమారు 19 నెలలకోసారే వస్తుంది. 2024 చివర్లో వచ్చిన అవకాశం ఇప్పటికే దాటిపోయింది. ఈసారి నిధుల విడుదలలోనో, పరికరాల తయారీలోనో జాప్యం జరిగి తేదీ జారిపోకూడదు. శుక్రుడి వాతావరణపు పైపొరలను ఒరుసుకుంటూ కక్ష్యను కుదించుకునే విద్యను కూడా ఇస్రో అక్కడే సాధన చేయాలనుకుంటోంది. 2013లో పీఎస్‌ఎల్‌వీ లాంటి చిన్న రాకెట్‌తో, భూమి చుట్టూ కక్ష్యను పెంచుకుంటూ మంగళ్‌యాన్‌ను అంగారకుడికి పంపిన సంస్థపై మాకు పూర్తి నమ్మకం ఉంది.

మా ఆందోళన ఆ తర్వాతి అడుగు గురించే. యెన్ లెక్కలకూ మెసెంజర్ ప్రయోగానికీ మధ్య 19 ఏళ్లున్నాయి. బుధుడి దాకా వెళ్లాలన్న ఆశ మనకుంటే, దారులు వెతికే పని ఇప్పుడే మొదలవ్వాలి. దానికి పెద్ద ప్రయోగశాలలు అక్కర్లేదు. మంచి కంప్యూటర్లు, గణితంలో దిట్టలైన యువత, వాళ్లను ఏళ్ల తరబడి నిలబెట్టే ఫెలోషిప్‌లు చాలు. ఇస్రో, విశ్వవిద్యాలయాలు కలిసి అలాంటి బృందాన్ని ఏర్పాటు చేయాలి. వచ్చే బడ్జెట్‌లోనే దానికి కేంద్రం నిధులు కేటాయించాలి.