ఆవిడ ప్రశ్నకు జవాబు బాకీ

ఆస్ట్రేలియాలో మన తెలుగువాళ్ల ఉగాది సభలో పెద్దల ఆరోగ్యానికి అరగంట కేటాయించారు. చివర్లో ఒక పెద్దావిడ లేచి, "జబ్బు ముదిరితే ఇక్కడ చట్టప్రకారమే పోనిస్తారట, దానికేం చెయ్యాలి?" అని అడిగారు. "పండగపూట అవేం మాటలమ్మా, తథాస్తు దేవతలుంటారు!" అని వ్యాఖ్యాత మైకు తీసేసుకున్నారు. హాలంతా నవ్వింది. అంతకు గంట ముందే "అనాయాసేన మరణం, వినా దైన్యేన జీవనం" అని చేతులు జోడించిన హాలే అది.

ఆవిడ అడిగింది వాలంటరీ అసిస్టెడ్ డయింగ్ గురించి, అంటే జబ్బు ముదిరినవాళ్లు తామే కోరుకుని వైద్య సాయంతో ప్రాణం విడవడం. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఈ చట్టం 2023 నవంబరు 28న అమల్లోకి వచ్చింది. 6 నెలలకు మించి బతకరని (నరాల క్షీణత జబ్బులకైతే 12 నెలలు) ఇద్దరు డాక్టర్లు విడివిడిగా తేల్చాలి. పౌరసత్వమో పీఆరో (శాశ్వత నివాస అనుమతి) ఉండాలి, లేదంటే కనీసం 3 ఏళ్లు వరసగా ఈ దేశంలో ఉండాలి. మనవల కోసం విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మమ్మకు దారి లేనట్టే. తొలి అభ్యర్థన, రెండు పరీక్షలు, ఇద్దరు సాక్షుల ముందు సంతకం, తుది అభ్యర్థన, ఆపైన ఈ చట్టం కింద ఏర్పడ్డ బోర్డు అనుమతి. రెండు అభ్యర్థనల మధ్య మామూలుగా 5 రోజులు ఆగాలి. ఎప్పుడు వద్దనుకున్నా ఆపేయొచ్చు. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఒక్కటే ఉంటే కుదరదు. ముందే రాసిపెట్టుకున్న కాగితమూ చెల్లదు.

మనవాళ్లకు చిక్కంతా అడగడంలోనే. అభ్యర్థన స్పష్టంగా, మరో అర్థానికి తావులేకుండా ఉండాలంటుంది చట్టం. మన పెద్దవాళ్లేమో "ఆ దేవుడు ఇంక తీసుకుపోతే బాగుండు" అంటారు. నొప్పి మందు చాలడం లేదనా, కోడలు రెండ్రోజులుగా పలకరించలేదనా, నిజంగానే ఇక చాలనా? కొడుకు దాన్ని ఇంగ్లీషులోకి మారిస్తే తనకు కావలసిన అర్థమే వస్తుంది. అందుకే ఇంట్లోవాళ్లు, వీలునామాలో వాటా ఉన్నవాళ్లు ఇంటర్‌ప్రెటర్‌గా పనికిరారు. అక్రెడిటేషన్ (అధికారిక గుర్తింపు) ఉన్న బయటి మనిషే కావాలి. ఫోనులో కానిచ్చేద్దామన్నా, ఫోనులోనో ఇంటర్నెట్‌లోనో దీని గురించి చెప్పడం నేరం కావొచ్చని 2023లో ఫెడరల్ కోర్టు ఇచ్చిన తీర్పు అడ్డు. కాబట్టి తెలుగు ఇంటర్‌ప్రెటర్ ఎదురుగా రావాలని తొలి అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే చెప్పాలి.

ఇలా చావును కోరే చట్టం తప్పనేవాళ్ల భయం ఉత్తదేం కాదు. "నా వల్ల మీకెందుకమ్మా శ్రమ" అనడం అలవాటైన తరం, పిల్లల సెలవులు లెక్కేసుకుని చావును అడగొచ్చు. పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) సరిగా అందిందా, ఎవరైనా ఒత్తిడి పెడుతున్నారా అని ఆవిణ్ని ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితేనే అది బయటపడుతుంది. మైకు లాగేస్తే ఏం తెలుస్తుంది?

2004లో హైదరాబాదులో కండరాల క్షీణతతో ఉన్న చెస్ ఆటగాడు వెంకటేశ్, ప్రాణం ఉండగానే అవయవాలిచ్చి పోతానన్నాడు. ఆ కోరిక పట్టుకుని హైకోర్టుకు వెళ్లింది కన్నతల్లే. కోర్టు ఒప్పుకోలేదు. ఇండియాలో ఇప్పటికీ, 2018 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, బతికించే యంత్రాలు తీసేయడం వరకే అనుమతి. అలా తీసేయమని ముందే రాసిపెట్టుకునే లివింగ్ విల్‌కు ఇద్దరు సాక్షులు, నోటరీయో గెజిటెడ్ అధికారో చాలని 2023లో సడలించారు.

దసరా కార్యక్రమంలో ఒక గంట ఇవ్వండి. పాలియేటివ్ నర్సునీ, తెలుగు ఇంటర్‌ప్రెటర్‌నీ పిలవండి. మొదటి మైకు ఆవిడకే ఇవ్వండి.