మూడేళ్ల పిల్లల చేత మేపుల్ ఆకు మడిపించమనే సందేశానికి జవాబు

దసరా సెలవుల ముందు అంగన్‌వాడీ, నర్సరీ టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ‘శరదృతువు ఒరిగామి’ (ఒరిగామి అంటే కాగితం మడిచి బొమ్మలు చేసే జపాన్ కళ) పేరుతో ఒక సందేశం తిరుగుతోంది. నెల్లూరు, ఒంగోలు వైపు కూడా చాలామంది ఫోన్లకు చేరింది. అందులో చెప్పినవి ఐదు: మూడేళ్లు నిండిన ఏ బిడ్డయినా పన్నెండు మడతల్లో మేపుల్ ఆకు చేసేస్తుంది, కాగితం ఏదైనా ఒకటే, కత్తెర, జిగురు తగిలితే అది ఒరిగామి కాదు, టీచరు ఎదురుగా నిలబడి ఒకసారి చూపిస్తే చాలు, వంకర మడతను పెద్దవాళ్లు వెంటనే సరిచేయాలి. ఈ ఐదింటిలో ఏదీ నిలవదు. ఇవి పాటిస్తే పిల్లలకు కాగితమంటేనే విసుగు పుడుతుంది.

“మూడేళ్లకే పన్నెండు మడతలు.” మూడేళ్ల బిడ్డ కాగితాన్ని సగానికి మడుస్తుంది, కానీ అంచుకు అంచు కలవాలన్న పట్టింపు అప్పటికి ఉండదు. మూలకు మూల చేర్చడం చాలామందికి నాలుగేళ్లప్పుడు వస్తుంది. మూడు నాలుగు మడతలు వరసగా గుర్తుండేది ఐదు దాటాకే. పైగా మడత మడతకూ తప్పు పెరుగుతుంది. మొదటి మడత రెండు మిల్లీమీటర్లు పక్కకు పోతే రెండోది ఆ వంకర అంచునే ఆనుకుంటుంది, మూడోది ఇంకా పక్కకు పోతుంది. పొరలూ పెరుగుతాయి: సగానికి మూడుసార్లు మడిస్తే ఎనిమిది, నాలుగోసారికి పదహారు. అంత మందాన్ని ఒత్తే బలం ఆ చిన్న బొటనవేలికి లేదు.

అసలు మేపుల్ ఆకే ఎందుకు? జపాన్‌లో శరత్కాలంలో ఆ చెట్లు ఎర్రబడతాయి కాబట్టి అక్కడి పిల్లలు ఆ ఆకునీ చెస్ట్‌నట్ కాయనీ మడుస్తారు. మన దగ్గర ఆశ్వయుజ కార్తీకాలంటే ఈశాన్య రుతుపవనాల వానలు, దీపాలు. ఎర్రాకు కావాలంటే నాటుబాదం ఉంది. దాని ఆకు రాలేముందు ఎర్రబడుతుంది, పిల్లలు దాన్ని చేత్తో పట్టుకుని చూసి మడవగలరు.

మూడేళ్ల వాళ్లకు ఒక్క మడత చాలు. సగానికి మడిచి నిలబెడితే గుడిసె. తలుపు, కిటికీ క్రేయాన్లతో వాళ్లే వేస్తారు.

నాలుగేళ్ల వాళ్లకు ప్రమిద. చదరపు కాగితాన్ని మూలకు మూల కలిపి త్రికోణం చేయాలి. పొడుగు అంచు పైకి, మొన కిందికి వచ్చేలా తిప్పి, ఎత్తులో మూడో వంతు మేర మొనను వెనక్కి మడవాలి. పసుపు కాగితం తుంపి జ్వాలగా వెనకనుంచి అంటిస్తే అయిపోయింది. వీటిని వెలిగించిన దీపాల వరసకు దూరంగా ఉంచండి.

బాదం ఆకు ఐదేళ్ల వాళ్లకు. ఎరుపు వైపు కిందికి పెట్టి, మూలకు మూల మడిచి విప్పాలి. పడిన గీతే ఆకు నడిమి ఈనె. గీతకు ఒక చివరనున్న మూలను తొడిమ అనుకోండి. ఆ మూలకు అటూ ఇటూ ఉన్న రెండు అంచులనూ గీత దగ్గరికి తేవాలి. అవి పూర్తిగా కలవకూడదు, మధ్యలో రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదలాలి. వదలకపోతే ఒక అంచు రెండోదాని మీదికెక్కి తొడిమ దగ్గర ముద్దవుతుంది. వెడల్పు వైపు కొసను కాస్త లోపలికి మడిచి తిరగేయండి. తొడిమ వైపు సన్నంగా, కొస వైపు వెడల్పుగా, ఈనె ఉబ్బుగా అచ్చం బాదం ఆకు వస్తుంది.

“కాగితం ఏదైనా ఒకటే.” కాదు. వార్తాపత్రిక మెత్తన, గీత నిలవదు, సిరా వేళ్లకంటుతుంది. చార్టు మందం, మడత దగ్గర పగులుతుంది. గాలిపటం కాగితం చిరుగుతుంది. ఒకవైపు రంగున్న గ్లేజు కాగితం మంచిది, ఏ వైపు పైకుండాలో బిడ్డకు చూడగానే తెలుస్తుంది. అది లేకపోతే 70, 80 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) ఏ4 కాగితం. దాన్ని 21 సెంటీమీటర్ల చదరంగా కత్తిరిస్తే 8.7 సెంటీమీటర్ల పట్టీ మిగులుతుంది, జ్వాలలకు సరిపోతుంది. జపాన్‌లో సాధారణంగా వాడే 15 సెంటీమీటర్ల కాగితం మొదలుపెట్టే పిల్లలకు చిన్నదవుతుంది. కత్తిరించిన కట్టలోంచి ఒకదాన్ని రెండు కర్ణాల మీదా మడిచి చూడండి. ఎక్కడైనా అంచు బయటికొస్తే అది చదరం కాదు, ఆ తప్పు బిడ్డది కాదు. వానాకాలం మన తీరం గాలిలో తేమకు కాగితం మెత్తబడి మడత విచ్చుకుంటుంది. మూతున్న డబ్బాలో పెట్టి, పని మొదలయ్యేటప్పుడే బయటికి తీయాలి.

“కత్తెర, జిగురు కూడదు.” 1797లో జపాన్‌లో అచ్చయిన కొంగల మడతల పుస్తకంలోనే ఒకే కాగితాన్ని అక్కడక్కడా కత్తిరించి, ఒకదానికొకటి అతుక్కుని ఉండే కొంగలను మడిచే పద్ధతులున్నాయి. ఈ వయసుకు ఆ నియమం అక్కర్లేదు.

“ఎదురుగా ఒకసారి చూపిస్తే చాలు.” ఎదురుగా నిలబడితే కుడి ఎడమలు తారుమారవుతాయి. నలుగురైదుగురిని కూర్చోబెట్టి, వాళ్లు చూసే వైపే మీరూ కూర్చుని, రెట్టింపు సైజు కాగితంతో చూపించండి. ఒక మడత అందరికీ అయ్యాకే రెండోది. “మూలకి మూల ముద్దు పెట్టించు నాయనా, ఇప్పుడు ఒక చేత్తో కదలకుండా పట్టుకో” అనండి. రెండో చేత్తో మడత నడుమ ముందు ఒత్తి, అక్కణ్నుంచి రెండు చివరలకూ వేలు జరపాలి. ఒక చివరనుంచి మొదలుపెడితే పై పొర జారి మూలలు విడిపోతాయి. ఎక్కువమంది పిల్లలకు వంకర వచ్చేది ఇక్కడే.

“వంకర మడతను సరిచేయాలి.” విప్పి మళ్లీ మడిస్తే పక్కపక్కన రెండు గీతలు పడతాయి, కాగితం పాత గీత వెంటే వంగుతుంది. అర సెంటీమీటరు లోపు తేడా ఉంటే వదిలేయండి, ప్రమిద ప్రమిదలాగే ఉంటుంది. అంతకు మించితే కొత్త కాగితమిచ్చి బిడ్డ చేతే మొదటినుంచి చేయించండి. గోడకు అంటించడం కోసం పిల్లలు ఇంటికెళ్లాక టీచరు కూర్చుని తిరిగి మడవడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. పేర్లు మడవకముందే లోపలి వైపు పెన్సిలుతో రాయండి. మడిచాక రాస్తే ఆ ఒత్తిడికి గ్లేజు కాగితం చిరుగుతుంది.