కొత్త లెన్సు కోసం ఎంతకాలం ఆగాలి?

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది వేడుకలు ముగిసి హాల్లో కుర్చీలు సర్దుతున్న ప్రతిసారీ, మెడలో కెమెరా వేసుకున్న వాళ్లెవరో ఒకరు నన్ను పక్కకు పిలిచి ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "అన్నయ్యా, 70-200 లెన్సు కొందామనుకుంటున్నాను. త్వరలో కొత్తది వస్తుందని చెప్పుకుంటున్నారు. ఆగమంటారా?" 70-200 అంటే దూరపు దృశ్యాన్ని దగ్గరగా చూపే 70 నుంచి 200 మి.మీ. జూమ్ లెన్సు. నిలబడిన చోట రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తాను. ఆ లెన్సుతో తీయవలసిన ఫోటో ఏదో, అది ఏ తేదీన తీయాలో మీకు తెలిసి ఉంటే ఆగవద్దు. అది తెలియకపోతే, కొత్తదైనా పాతదైనా ప్రస్తుతానికి మీకు ఆ లెన్సు అవసరం లేదు.

ఈ మాట ఊరికే అనడం లేదు. 2009 వేసవిలో మా అమ్మాయి ఒక స్కూలు ఆడిటోరియంలో కూచిపూడి తరంగం చేసింది. ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి, జతికి తగ్గట్టు పళ్ళెంతో సహా ముందుకు జరుగుతూ, రెండు చేతులతో భావం పలికించే ఆ ఘట్టం కోసం తను చాలా కాలం సాధన చేసింది. నా దగ్గర అప్పుడున్నది కెనాన్ 55-250 మి.మీ. లెన్సు. జూమ్ చివరిదాకా తిప్పితే దాని ఎపర్చరు, అంటే వెలుతురును లోపలికి రానిచ్చే రంధ్రం, ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది). కెమెరాలో వెలుతురును పట్టే శక్తిని, అంటే ఐ.ఎస్.ఓ.ను, 1600 దాకా పెంచినా, ఆ స్టేజీ వెలుతురులో షట్టరు వేగం 1/60 సెకను దగ్గరే ఆగిపోయింది. అంత నెమ్మదిలో కదిలేది చెదిరిపోతుంది. ఎఫ్ 2.8 లెన్సు దానికి నాలుగింతల వెలుతురు ఇస్తుంది, అంటే అదే వేదిక మీద షట్టరు సుమారు 1/250 దాకా వచ్చేది. ఇంటికొచ్చి చూసుకుంటే, జతి ముగింపులో తను కదలకుండా నిలిచిన అరక్షణాల ఫోటోలు బాగానే ఉన్నాయి. పళ్ళెం మీద కదులుతున్న ఫోటోలలో మాత్రం ముఖం స్పష్టంగా ఉంది గానీ వేళ్లు లేవు. పారాణి పెట్టిన చేతుల స్థానంలో ఎర్రటి చార ఒకటి మిగిలింది.

డబ్బు లేక ఆగిన సంగతి కాదది. కెనాన్ 70-200 ఎఫ్ 2.8 కు రెండో రూపం వస్తుందన్న మాట అప్పట్లో బాగా వినిపించడంతో, తీరా పాతది కొన్నాక కొత్తది వస్తే నష్టపోతానని ఆగాను. అనుకున్నట్టే 2010లో వచ్చింది, కొన్నాను. నిజంగా గొప్ప లెన్సు, ఈనాటికీ నా సంచిలో ఉంది. అయితే మరుసటి ఏడాది మా అమ్మాయి చదువులో పడి నాట్యం మానేసింది. ఆ లెన్సుతో ఈ ఊళ్లో ఎందరో పిల్లల నాట్యం తీశాను, మా అమ్మాయిది తప్ప.

అదే లెన్సు చరిత్రను కాస్త గమనిస్తే ఆగడంలో ఉన్న చిక్కు అర్థమవుతుంది. చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్‌తో తొలి రూపం 2001లో వచ్చింది, రెండోది 2010లో, మూడోది 2018లో. కెనాన్‌దే 100-400 మి.మీ. లెన్సు 1998లో వచ్చాక, దాని రెండో రూపం కోసం 2014 దాకా ఎదురుచూడవలసి వచ్చింది. పక్షుల ఫోటోలు తీసేవాళ్లు అప్పట్లో ఏటా 'ఈసారి తప్పక వస్తుంది' అనుకోవడం నాకు గుర్తుంది. ఫోన్లలా లెన్సులు ఏడాదికొకసారి మారవు. కంపెనీ అధికారికంగా ప్రకటించని వస్తువు కోసం ఆగడమంటే, గడువు తెలియని పనికి మన పిల్లల ఎదుగుదలను వాయిదా వేయడమే. ప్రకటన వెలువడిన తర్వాత ఒకటి రెండు నెలలు ఆగడం మాత్రం వేరే సంగతి. అప్పుడు తేదీ తెలుస్తుంది, ధర తెలుస్తుంది, పైగా పాత రూపం సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరకడం మొదలవుతుంది.

ఇక వచ్చిన మార్పు ఎంతటిదో కూడా చూసుకోవాలి. 2018 నాటి మూడో రూపంలో గాజు అమరిక దాదాపు రెండోదానిదే, ప్రధానంగా మారింది గాజు మీది పూత. ఎదురు వెలుతురులో తేడా ఉంటుంది, కాదనను, కానీ దానికోసం రెండో రూపాన్ని అమ్ముకోవలసిన పని లేదు. సోనీ 24-70 ఎఫ్ 2.8 జీ మాస్టర్ విషయం అలా కాదు. 2016లో 886 గ్రాములున్న లెన్సు, 2022లో వచ్చిన రెండో రూపంలో 695 గ్రాములకు దిగింది. పెళ్లిలో స్నాతకం నుంచి అప్పగింతల దాకా కెమెరా మోసినవాళ్లకు ఆ 191 గ్రాముల విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. కొత్తదంటే అన్నింటా మెరుగని కూడా అనుకోకూడదు. కెనాన్ 2019లో మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల కోసం తెచ్చిన 70-200 ఎఫ్ 2.8 పాతదానికంటే 400 గ్రాములకు పైగా తేలిక, కానీ దానికి దూరాన్ని ఇంకా దగ్గర చేసే ఎక్స్‌టెండరు తగిలించడం కుదరదు. ఆ సౌకర్యం 2024 నాటి రూపంలో గానీ మళ్లీ రాలేదు.

నిజంగా ఆగి ఆలోచించవలసిన సందర్భం ఒకటుంది, అది మౌంటు, అంటే లెన్సు కెమెరాకు తగులుకునే అమరిక. 1959 నుంచి నడుస్తున్న ఎఫ్ మౌంటును దాటి నికాన్ జెడ్ మౌంటుకు, 1987 నాటి ఈ.ఎఫ్. మౌంటును దాటి కెనాన్ ఆర్.ఎఫ్. మౌంటుకు ఒకే ఏడాది, 2018లో, మారాయి. లెన్సు కూర్చునే చోటు నుంచి సెన్సరు దాకా ఈ.ఎఫ్.లో 44 మి.మీ. దూరం ఉండేది, ఆర్.ఎఫ్.లో అది 20 మి.మీ. మిగిలిన 24 మి.మీ. ఖాళీని మధ్యలో తగిలించే గాజు లేని అడాప్టరు భర్తీ చేస్తుంది కాబట్టి పాత లెన్సులు కొత్త కెమెరాల మీద చక్కగా పనిచేస్తాయి. నా 2010 నాటి లెన్సు ఇప్పుడు అలాగే బతుకుతోంది. నికాన్ వాళ్లు ఒక సంగతి గమనించాలి. లోపల మోటారు లేని పాత ఏఎఫ్-డి లెన్సులకు నికాన్ ఎఫ్.టి.జెడ్. అడాప్టరు మీద ఆటోఫోకస్ ఉండదు. అటునుంచి ఇటు దారి లేదు, కొత్త లెన్సు పాత కెమెరాకు పట్టదు. అందువల్ల ఇంకా డీఎస్ఎల్ఆర్ (అద్దం ఉన్న పాత తరం కెమెరా) వాడుతున్నవాళ్లు పాత మౌంటు లెన్సును కొత్తగా పూర్తి ధర పెట్టి కొనకూడదని నా గట్టి అభిప్రాయం. దాన్ని సెకండ్ హ్యాండ్‌లోనే తీసుకోవాలి.

తీసుకునేటప్పుడు రెండువైపులా మూతలు తీసి, ఎపర్చరు పూర్తిగా తెరిచి, ఫోన్ టార్చి ఒక పక్కనుంచి వేసి లోపలికి చూడండి. నాలుగు ధూళి రేణువులు కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. గాజు అంచు నుంచి సాలెగూడు పోగుల్లాంటి సన్నని తెల్లటి గీతలు లోపలికి పాకి ఉంటే అది బూజు, ఎంత చవకైనా వదిలేయాలి. కాకినాడలోనో విశాఖలోనో ఉన్న తమ్ముడికి లెన్సు తీసుకెళ్లేవాళ్లు తేమను పీల్చే సిలికా జెల్‌తో పాటు గాలి చొరబడని డబ్బా కూడా ఇవ్వడం మంచిది. సముద్రపు తేమలో, వాడకుండా బీరువాలో పెట్టిన లెన్సే ముందుగా పాడవుతుంది. ఇక్కడి వారంటీ అక్కడ చెల్లుతుందో లేదో కొనేముందే దుకాణంలో అడగాలి.

ఆగితే ధర తగ్గుతుందన్న నమ్మకం కొంతవరకే నిజం. థాంక్స్‌గివింగ్ నాటి తగ్గింపు కోసం అక్టోబరులో ఆగడం సబబే. కానీ 2025లో దిగుమతి సుంకాలు పెరిగాక అమెరికాలో లెన్సుల ధరలు పెరగడం మనమందరం చూశాం.

ఎటూ తేల్చుకోలేనివాళ్లకు అద్దె ఉంది. ఆరంగేట్రం జరిగే వారాంతానికి లెన్సు తెచ్చుకుని, రెండు రోజుల ముందు రిహార్సల్‌లో ఒకసారి వాడి చూస్తే, కొనాలా వద్దా అన్నది కూడా చేతికే తెలుస్తుంది. ఈ విషయంలో మన సంఘానికి నాదొక ప్రతిపాదన. సంక్రాంతికి, ఉగాదికి ఫోటోలు తీసే వాలంటీర్ల కోసం, పిల్లల తొలి ప్రదర్శనల కోసం, సంఘమే సెకండ్ హ్యాండ్‌లో రెండు 70-200 ఎఫ్ 2.8 లెన్సులు కొని సభ్యులకు ఎరువివ్వాలి. ఒకటి కెనాన్ ఈ.ఎఫ్. మౌంటుది, అడాప్టరుతో సహా. రెండోది సోనీది. ఎవరు ఏ తేదీకి తీసుకున్నారో రాసే పుస్తకం నేను చూసుకుంటాను. నా లెన్సును మొదటిదిగా ఇస్తాను, తదుపరి కార్యవర్గ సమావేశానికి తెస్తున్నాను.