సర్కస్ లేన్‌కి అంటగట్టిన పల్లె కథ

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోలోని సర్కస్ లేన్ ఫొటో మీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటుంది. రాళ్ళు పరిచిన సన్నటి వీధి, గోడలెక్కిన పూలతీగలు, చివర్న గడియారమున్న చర్చి గోపురం. దానికి తగిలించి పంచుకుంటున్న మాటలివి: "నగరం నడిబొడ్డున 600 ఏళ్ళ పల్లె. పేదలు తోచినట్టు కట్టుకున్న ఇళ్ళు. ఒక్క రాయి కూడా కదపలేదు. మన దగ్గరైతే ఎప్పుడో కూల్చేసేవాళ్ళు." ఫొటో నిజమే. మాటల్లో ఒక్కటీ నిలవదు.

వయసు సంగతి ముందు. ఎడిన్‌బరోలో న్యూ టౌన్ అనే కొత్త పట్టణానికి జేమ్స్ క్రెయిగ్ అనే ఆర్కిటెక్ట్ గీసిన ప్లాన్ ఖరారైందే 1767లో. ఈ లేన్ ఉన్న భాగం ఇంకా తర్వాతది. దీని పక్కనున్న రాయల్ సర్కస్ అనే ఇళ్ళ వరసని ఆర్కిటెక్ట్ విలియం ప్లేఫెయిర్ డిజైన్ ప్రకారం 1820లలో కట్టారు. ఫొటోలో కనిపించే సెయింట్ స్టీఫెన్స్ చర్చి కూడా ఆయనదే, 1828లో పూర్తయింది. అంటే మొత్తం కలిపి రెండొందల ఏళ్ళు. దగ్గర్లో స్టాక్‌బ్రిడ్జ్ అనే ఊరు నిజంగానే ఉండేది, తికమక అక్కడే వచ్చుండొచ్చు.

"పేదల ఇళ్ళు" అన్నది ఇంకా తప్పు. ఇవి రాయల్ సర్కస్‌లోని సంపన్నుల బండ్ల షెడ్లు, గుర్రపుశాలలు. కింద బండి, గుర్రాలు. పైన గడ్డి అటక, దాని పక్కనే బండి తోలేవాడి కుటుంబానికి ఒకట్రెండు గదులు. కొలువు పోతే ఆ గదులూ పోయేవి. కింది నుంచి వచ్చే లద్దె వాసన మాత్రం రాత్రింబవళ్ళు ఉండేది. ఇప్పుడు పూలకుండీలు పెట్టిన చోట ఒకప్పుడేం పోగుపడేదో ఊహించుకోండి.

ఇక "తోచినట్టు కట్టుకున్నారు" అన్న మాట. నాకు బాగా చిరాకు తెప్పించింది ఇదే. ఆ వీధి వంపు చూసి పల్లెదారి అనుకుంటున్నారు. రాయల్ సర్కస్ ఇళ్ళు అర్ధచంద్రాకారంలో ఉంటాయి, వాటి వెనక వచ్చే సందు కూడా వంగక తప్పదు. అది కాలిబాట వంపు కాదు, డ్రాయింగ్ బోర్డు మీద పుట్టిన వంపు. ఈ రకం కట్టడాల్లో ప్రతిదానికీ లెక్క ఉంటుంది. బండి పట్టేంత వెడల్పు తలుపులు, గడ్డిమోపులు ఎక్కించడానికి పై అంతస్తులో నేరుగా వీధిలోకి తెరుచుకునే తలుపు, నీళ్ళు కాలవలోకి జారేలా వాలుగా వేసిన నేల. కిటికీలు ఎక్కువగా సందు వైపే పెట్టేవాళ్ళు. దొరగారి తోటలోకి పనివాళ్ళ చూపు పడకూడదు మరి! రాయి దగ్గర కూడా తేడా చూపించేవాళ్ళు: వీధిముఖం ఇళ్ళకి నున్నగా చెక్కిన ఇసుకరాయి, వెనక సందులో మోటు రాళ్ళ కట్టుబడి. ఎలివేషన్‌కి గ్రానైట్ అతికించి పక్క గోడకి ప్లాస్టరింగ్ కూడా చేయించని మన కాలనీ ఇళ్ళ లాగే.

"ఒక్క రాయి కదపలేదు" అంటారా? కార్లు వచ్చాక ఇలాంటి చాలా గుర్రపుశాలలు గ్యారేజీలయ్యాయి, ఆ తర్వాత ఇళ్ళయ్యాయి. బండి తలుపుల స్థానంలో కిటికీలు వచ్చాయి, లోపల గుర్రాల్ని కట్టేసే అరలు పోయాయి. 1995లో ఎడిన్‌బరో పాత, కొత్త పట్టణాలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. చారిత్రక కట్టడంగా నమోదైన ఇంటి రూపం మార్చాలంటే నగర కౌన్సిల్ అనుమతి కావాలి. అనుమతి కావాలంటే అర్థం మార్పులే జరగలేదని కాదు కదా.

"మన దగ్గరైతే కూల్చేసేవాళ్ళు" అన్న చివరి ఎత్తిపొడుపు సంగతి. కూల్చడం వాళ్ళకి తెలీదనుకోకండి. అదే జేమ్స్ క్రెయిగ్ రూపకల్పన చేసిన సెయింట్ జేమ్స్ స్క్వేర్ ఈ లేన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉండేది. 1960లలో దాన్ని చాలావరకు నేలమట్టం చేసి, కాంక్రీటు షాపింగ్ సెంటర్, ప్రభుత్వ ఆఫీసుల భవనం కట్టారు. యాభై ఏళ్ళు తిరక్కుండానే వాటినీ కూల్చి, 2021లో అక్కడే ఇంకో మాల్ తెరిచారు.