దయచేసి టర్న్‌టేబుల్‌ను మైక్ జాక్‌లో గుచ్చకండి

ఈ నెలలో ముగ్గురు అడిగారు. "పాత గ్రామఫోన్ రికార్డులున్నాయి, టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) మీద పెట్టి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాలి, ఒక వైరు ఉంటే చాలు కదా?" అని. ముగ్గురికీ ఫోన్‌లో అరగంట చొప్పున చెప్పాను. నాలుగో వాళ్లు అడిగేలోపు ఇక్కడ రాసి పెడుతున్నాను. రాతలో కాస్త కోపం కనిపిస్తే ఏమీ అనుకోకండి. ఈ విషయంలో నేను ఒక పాట పోగొట్టుకున్నాను.

ముందు అదే చెప్తాను. మా నాన్నగారి దగ్గర ఒక 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డు ఉండేది. లక్కతో చేసినది, బరువుగా ఉంటుంది, పింగాణీలా పెళుసు. కొన్నేళ్ల కిందట దాన్ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే ఎరుపు, తెలుపు పిన్నులకి ఒక చిన్న అడాప్టర్ తగిలించి, ల్యాప్‌టాప్ పక్కనున్న ఒకే ఒక్క రంధ్రంలో, అంటే మైక్ జాక్‌లో గుచ్చాను. పాట వచ్చింది. పీలగా, గరగరలాడుతూ వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ చివరిదాకా పెంచితే గరగర పోయింది. సంతోషపడి ఎంపీ3 చేసుకుని, అసలు ఫైలు డిలీట్ చేసేశాను. ఏడాది తిరిగేసరికి ఇల్లు మారుతున్నప్పుడు రికార్డు రెండు ముక్కలైంది. ఇప్పుడు వినడానికి నా దగ్గర మిగిలింది ఆ ఎంపీ3 ఒక్కటే. అందులో గాయని 'స' పలికిన ప్రతిచోటా అక్షరం సగం మింగేసినట్టు, నీళ్ల అడుగు నుంచి పాడుతున్నట్టు ఉంటుంది. నాన్నగారు ఒకసారి విని, "బాగానే ఉంది" అని లేచి వెళ్లిపోయారు. మళ్లీ పెట్టమని ఎప్పుడూ అడగలేదు.

అందుకే ఎవరడిగినా మొదట ఒకటే చెప్తున్నాను. రికార్డు నుంచి వచ్చిన ధ్వనిని వచ్చింది వచ్చినట్టు, సరైన దారిలో, ఒక్కసారి తీసుకుని దాచండి. ఆ ముడి ఫైలును ఎప్పటికీ ముట్టుకోకండి. మెరుగులు ఏవైనా దాని కాపీ మీదే చేసుకోండి.

ఇక మైక్ జాక్ ఎందుకు వద్దంటే, సూది గాడిలో కదిలినప్పుడు, దాన్ని పట్టుకుని ఉండే కార్ట్రిడ్జ్‌లో పుట్టేది చాలా చిన్న సిగ్నల్. మామూలు మూవింగ్ మ్యాగ్నెట్ (సూదితో పాటు చిన్న అయస్కాంతం కదిలే రకం) కార్ట్రిడ్జ్ ఇచ్చేది 5 మిల్లీవోల్టులు, అటూ ఇటూగా. లైన్ ఇన్‌పుట్ (టేప్ డెక్, సీడీ ప్లేయర్ లాంటివి కలిపే చోటు) ఆశించేది దాదాపు 300 మిల్లీవోల్టులు. "మైక్ సిగ్నల్ కూడా చిన్నదే కదా, మైక్ జాక్ సరిపోతుంది" అని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. కానీ ల్యాప్‌టాప్ మైక్ జాక్ దాదాపు ఎప్పుడూ మోనోయే, రెండు ఛానళ్లలో ఒకటే లోపలికి వెళ్తుంది. పైగా అది మైక్ కోసం కొంత వోల్టేజీని బయటికి పంపుతుంది. మాట స్పష్టంగా ఉండాలని ల్యాప్‌టాప్ తనంతట తానే శబ్దాన్ని పెంచి తగ్గించి, నేపథ్యాన్ని నొక్కేస్తూ ఉంటుంది. ఫోన్ కాల్‌కి అది మేలే, పాటకి మాత్రం చేటు.

అన్నిటికన్నా పెద్ద సమస్య వేరే ఉంది, దాని గురించి చెప్పేవాళ్లు తక్కువ. రికార్డు మీద పాట ఉన్నదున్నట్టు ఉండదు. గాడి కోసేటప్పుడే బేస్ (లోతైన ధ్వనులు) తగ్గించి, ట్రెబుల్ (సన్నటి ధ్వనులు) పెంచి కోస్తారు. బేస్‌ను తగ్గించకుండా ఉన్నదున్నట్టు కోస్తే గాడి అటూ ఇటూ విపరీతంగా ఊగి పక్క గాడి మీదకి పోతుంది, ఒక వైపు ఇరవై నిమిషాల పాట పట్టదు. ట్రెబుల్ సంగతి ఇంకా తెలివైనది. పెంచి కోసిన ట్రెబుల్‌ను వినేటప్పుడు తగ్గిస్తే, దాంతోపాటు గాడి చేసే బుసబుస కూడా తగ్గిపోతుంది. ఇది ఎంత ఉండాలో ఆర్ఐఏఏ (అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం) కర్వ్ పేరుతో 1954లో ఒక ప్రమాణం పెట్టారు. 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 20 డెసిబెల్స్ తగ్గింపు, 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు అంతే పెంపు. దీన్ని తిరగేసి పాటను మళ్లీ పాటగా చేసేది ఫోనో ప్రీయాంప్. అది మధ్యలో లేకపోతే మీకు వచ్చేది రేకు డబ్బాలోంచి వచ్చినట్టుండే శబ్దమే. "రికార్డులంటే ఇంతేనేమో, జనం ఊరికే పొగుడుతారు" అన్న మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. వాళ్లు ఇంకా రికార్డును విననే లేదు.

కొన్ని టర్న్‌టేబుళ్లలో ఫోనో ప్రీయాంప్ లోపలే ఉంటుంది. వెనక ఫోనో, లైన్ అని చిన్న స్విచ్ కనిపిస్తే ఉన్నట్టే. లైన్ వైపు పెట్టి, యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (ధ్వనిని డిజిటల్‌గా మార్చి ల్యాప్‌టాప్‌కి ఇచ్చే చిన్న పెట్టె) లైన్ ఇన్‌పుట్‌కి కలిపితే సరి. అలా లైన్‌లో పెట్టిన వైరును మళ్లీ ఇంకో ఫోనో ఇన్‌పుట్‌కి మాత్రం ఇవ్వకండి. కర్వ్ రెండుసార్లు పడి, బేస్ బుర్రుమంటూ పాట పగిలిపోతుంది. ఇంట్లో పాత స్టీరియో యాంప్లిఫయర్ ఉంటే ఇంకా మంచిది. ఫోనో ఇన్‌పుట్‌లో టర్న్‌టేబుల్ పెట్టి, వెనక టేప్ అవుట్ లేదా రెక్ అవుట్ అని ఉన్న చోటు నుంచి ఇంటర్‌ఫేస్‌కి తీసుకోండి. వాల్యూమ్ నాబ్ ఎంత తిప్పినా ఆ సిగ్నల్ మారదు. ఒకప్పుడు క్యాసెట్‌లోకి ఎక్కించుకోవడానికి పెట్టిన దారి అది, ఇప్పుడు ల్యాప్‌టాప్‌కీ అంతే బాగా పనికొస్తుంది.

నేరుగా ల్యాప్‌టాప్‌కి కలిసే యూఎస్‌బీ టర్న్‌టేబుళ్ల మీద నాకు ద్వేషం లేదు. మైక్ జాక్ కంటే వంద రెట్లు మేలు. కాకపోతే లోపలి ప్రీయాంప్, కన్వర్టర్ ఎలా ఉంటే అలా సర్దుకోవాలి, మార్చుకునే వీలుండదు.

గుయ్యిమని హమ్ వస్తుంటే ముందు టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నటి గ్రౌండ్ వైరు ప్రీయాంప్ స్క్రూకి బిగించారో లేదో చూడండి. తర్వాత ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది.

రికార్డింగ్ లెవెల్ విషయంలో ఆశ వద్దు. పాటలో అతి గట్టిగా ఉన్న చోట మీటరు -6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి, -12 దగ్గర ఆగినా నష్టమేమీ లేదు. సున్నా తాకితే అలల తలలు తెగిపోతాయి, తెగినవి తిరిగి రావు. 24 బిట్‌లో రికార్డ్ చేస్తే తక్కువ లెవెల్‌లో తీసుకున్నా తర్వాత పెంచుకోవచ్చు. 48 కిలోహెర్ట్జా, 96 కిలోహెర్ట్జా (ధ్వనిని సెకనుకి ఎన్ని వేలసార్లు కొలవాలి) అన్న గొడవలో రాత్రంతా గడిపేవాళ్లను చూశాను. వాళ్ల సూది మీద దూది ఉండలా దుమ్ము పేరుకుని ఉంటుంది! 24 బిట్, 96లో తీసుకుంటే నిమిషానికి దాదాపు 35 ఎంబీ అవుతుంది, ఇరవై నిమిషాల వైపు 700 ఎంబీ దాకా. ఫ్లాక్ అనే ఫైలు రూపంలో దాస్తే ఒక్క బిట్ కూడా పోకుండా సైజు బాగా తగ్గుతుంది. ఎంపీ3 ఫోన్‌లో వినడానికి, దాచడానికి కాదు.

నేను నిజంగా టైమ్ పెట్టమనేది రికార్డు శుభ్రం మీద, సూది మీద. దుమ్ముతో ఉన్న రికార్డును తిప్పితే సూది ఆ దుమ్మును గాడి గోడలకేసి రుద్దుతుంది, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని బాగుచేయలేదు. వినైల్ (ప్లాస్టిక్) రికార్డును డిస్టిల్డ్ వాటర్‌తో, మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడే తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. లక్క రికార్డుల దగ్గరికి మాత్రం ఆల్కహాల్ ఉన్న ఏ ద్రావకాన్నీ రానివ్వకండి, లక్క అందులో కరిగిపోతుంది. వాటికి సూది కూడా వేరే కావాలి. ఎల్‌పీ (33 ఆర్‌పీఎం వినైల్ రికార్డు) సూది మొన దాదాపు 18 మైక్రాన్లు, 78కి కావాల్సింది దాదాపు 75. సన్నటి సూది వెడల్పాటి గాడి అడుగున పడి, అక్కడున్న చెత్తనంతా చదువుతుంది. నేను చేసింది అదే. నాకు వచ్చిన గరగరలో సగం రికార్డుది కాదు, నా తప్పుడు సూదిది. ఆ గరగరను తీసేయబోయి గాయని గొంతు తీసేశాను.

నాయిస్ రిడక్షన్ వాడొద్దని అనను. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, అందులో ఆ ఎఫెక్ట్‌కి రెసిడ్యూ అని ఒక ఆప్షన్ ఉంది. దాన్ని ఎంచుకుంటే, తీసేయబోతున్న శబ్దం మాత్రమే వినిపిస్తుంది. అందులో గొంతు గానీ, తబలా గానీ లీలగా వినిపించినా మీరు నాయిస్‌ను కాదు, పాటను కోస్తున్నారు. అక్కడే ఆగండి. పెద్ద పెద్ద టిక్‌లను ఒక్కొక్కటిగా చేత్తో సరిచేయడం ఓపిక పని, కానీ ఫలితం బాగుంటుంది. సన్నటి చిటపటను నేను అలాగే వదిలేస్తాను. రెండు నిమిషాలయ్యాక చెవి దాన్ని పట్టించుకోదు. గొంతు లేని లోటును మాత్రం చెవి ఎప్పటికీ మర్చిపోదు.

ఇంకొకటి. ఇరవై నిమిషాల వైపుకు ఇరవై నిమిషాలూ పడుతుంది, దగ్గరి దారి లేదు. ఆ టైమ్‌లో పక్క గదికి పోకండి, కూర్చుని వినండి. సూది ఎక్కడ గెంతిందో, ఏ ఛానల్ పడిపోయిందో అప్పుడే తెలుస్తుంది. లేబుల్‌ను ఫొటో తీసి, లేబుల్ చుట్టూ ఖాళీ చోట చెక్కిన మ్యాట్రిక్స్ నంబర్‌ను ఫైలు పేరులో రాయండి. పదేళ్ల తర్వాత ఏ ఫైలు ఏ రికార్డుదో అదే చెప్తుంది.

నాన్నగారి మిగతా రికార్డులన్నీ ఇప్పుడు మళ్లీ మొదటినుంచి చేస్తున్నాను. వారానికి రెండు వైపులు, అంతకంటే తొందరపడను. ఆ పగిలిన దాని గురించి వెతుకుతుంటే ఐరీన్ అనే పద్ధతి గురించి తెలిసింది. అమెరికాలోని లారెన్స్ బర్కలీ నేషనల్ లాబొరేటరీలో తయారైంది. సూది తగలకుండా గాడిని కెమెరాతో సూక్ష్మంగా ఫొటోలు తీసి, ఆ బొమ్మల నుంచే ధ్వనిని లెక్కగట్టి తీస్తారు. పగిలిన డిస్కుల నుంచి కూడా అలా ధ్వని రాబట్టారు. నా రికార్డు అక్కడిదాకా వెళ్తుందని అనుకోవడం లేదు. కానీ ఆ రెండు ముక్కలూ విడివిడిగా మెత్తటి గుడ్డలో చుట్టి, అట్టపెట్టెలో నిలబెట్టి దాచాను. నాన్నగారు ఎప్పుడో పారేశాననే అనుకుంటున్నారు.