పదిహేను గుర్రాలను ఎక్కడ కట్టేశావు బావమరిదీ?

మా బావమరిది తన స్పోర్ట్స్ కారుకు కొత్త సైలెన్సర్ బిగించాడు. సైలెన్సర్ అంటే శబ్దం తగ్గించేదని ఇన్నాళ్లూ నమ్మిన అమాయకులకు ముందే చెప్తున్నాను, ఇది ఆ జాతి కాదు. తెల్లవారుజామున ఇంటి ముందు దాన్ని స్టార్ట్ చేసి, వీధంతా లేచి కూర్చున్నాక ముసిముసిగా నవ్వుతూ అడిగాడు: "బావా, పదిహేను హార్స్‌పవర్ పెరిగింది. తెలుస్తోందా?"

తెలిసింది. నా బీపీ పెరిగినట్టు స్పష్టంగా తెలిసింది.

ఆ రోజు నుంచీ ఆ పదిహేను గుర్రాల కోసం వెతుకుతున్నాను. అతనిది టర్బో, అంటే గాలిని బలవంతంగా లోపలికి నెట్టే పంఖా, లేని ఇంజిన్. అలాంటిదానికి చివరి డబ్బా ఒక్కటే మారిస్తే వచ్చే లాభం లెక్కకు చిక్కడమే గొప్ప. చెవికి గట్టిగా వినిపించిందంటే బండి వేగంగా పోతోందని మనసు నమ్మేస్తుంది. ఆ నమ్మకం మీద ఎన్ని దుకాణాలు నడుస్తున్నాయో!

గుర్రాలు ఇంకా కావాలని ఎయిర్ ఫిల్టర్ పెట్టె పీకేసి, బానెట్ కింద శంఖం లాంటి ఫిల్టర్ ఒకటి తగిలించాడు. కంపెనీ వాళ్లు ఆ పెట్టె పెట్టిందే బయటి చల్లగాలి లోపలికి రావాలని. ఇప్పుడు ఇంజిన్ తన వేడిని తానే పీలుస్తోంది. 30 డిగ్రీల గాలి 60 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 9 శాతం పలచబడుతుంది. గాలి పలచబడితే ఆ మేరకు బలం కూడా పోతుంది. అంటే కొత్త గుర్రాలు రాకపోగా, ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా పాతవి కూడా తాడు తెంపుకుని పోతున్నాయన్నమాట. కానీ "స్‌స్‌స్" అని బలే పీలుస్తుంది. ఆయనకు అదే కావాలి.

విషయం తేల్చుకుందామని బండిని డైనో మీదకు, అంటే బండి బలం కొలిచే యంత్రం మీదకు, ఎక్కించారు. నేనూ వెళ్లాను, చూడాలిగా. మొదటిసారి బానెట్ మూసి, ఇంజిన్ సలసల కాగుతుండగా కొలిచారు. అది "పాత బలం" అట. తర్వాత బానెట్ ఎత్తి, ఎదురుగా మనిషి ఎత్తు ఫ్యాన్ పెట్టి, అరగంట చల్లార్చి మళ్లీ కొలిచారు. అది "కొత్త బలం". ఇంత చేసినా తేడా నాలుగు. ఒకే బండిని రెండు రోజులు కొలిచినా ఆ మాత్రం తేడా వస్తుంది. "మిగతా పదకొండు ఏవిరా?" అన్నాను. "బండి అలవాటు పడాలి బావా" అన్నాడు. గుర్రాలకు బిడియమేమో, నలుగురిలోకి రావట్లేదు. ఆ గ్రాఫ్‌కు లామినేషన్ చేయించి, హాల్లో పెళ్లి ఫోటో పక్కకు జరిపి మరీ తగిలించాడు. అతని భార్య నన్ను పిలిచి చూపించింది: "అన్నయ్యా, ఈ గీతల్లో నేనెక్కడున్నానో చెప్పు."

తర్వాత స్పాయిలర్ వచ్చింది, అదే, కారు వెనక బిగించే రెక్క. దాన్ని గాలి కిందికి నొక్కే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 180 కిలోమీటర్ల దగ్గర చేసే పనిలో, 60 దగ్గర చేసేది తొమ్మిదో వంతు. ఆయన నడిపేది 40 దగ్గర. ఒకరోజు అతని భార్య దాని మీద తడి తువ్వాలు ఆరేసింది. పాపం, అది పుట్టి బుద్ధెరిగాక చేసిన మొదటి పని అదే.

ఇంతవరకూ నవ్వుకున్నాను. నిరుడు కొండ దిగుతున్నాం. వెనక ఆ ఇరుకు సీట్లో అతని ఎనిమిదేళ్ల కొడుకున్నాడు. నాలుగో మలుపు దగ్గర బ్రేక్ పెడల్ మెత్తబడి కిందికంటా దిగిపోయింది. పదే పదే తొక్కి, గేర్లు దించి, ఎలాగో గోడవారగా ఆపాడు. కిందికి వెళ్లి మెకానిక్‌తో మూత తీయించి చూస్తే బ్రేక్ ఆయిల్ నల్లగా ఉంది. కారు కొన్న నాటిదట! ఆ ఆయిల్ గాల్లోని తేమను పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకూ మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగితే పైపుల్లో ఆవిరి చేరుతుంది, ఆవిరిని ఎంత తొక్కినా బ్రేక్ పట్టదు. టైర్ల మీద అచ్చేసిన నాలుగంకెలు చూశాను, చివరి రెండూ తయారైన సంవత్సరం. ఏడేళ్లు! టైర్ల మీది గాడులు అరగలేదు కాబట్టి కొత్తవేనట. రబ్బరు గట్టిపడిపోయిందిరా! అంత బండికీ రోడ్డుకీ మధ్య ఉన్నది నాలుగు అరచేతులంత రబ్బరే. అది కాస్తా చెక్కలా తయారైతే నీ గుర్రాలు దేన్ని పట్టుకుని పరిగెడతాయి?

టర్బో బండైతే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ట్యూనింగ్‌తో బలం నిజంగానే పెరుగుతుంది, కాదనను. కానీ వేగం రెట్టింపైతే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగింతలు. సైలెన్సర్‌కు పోసిన డబ్బులో చిటికెడు పెడితే మంచి ఆయిల్, గట్టి ప్యాడ్‌లు వచ్చేవి. స్పాయిలర్ మానుకుంటే టైర్లు వచ్చేవి. ఇంకా మిగిలితే ట్రాక్ మీద ఒక పూట నేర్పేవాణ్ని పక్కన కూర్చోబెట్టుకునేవాడివి. పసివాణ్ని వెనక కూర్చోబెట్టుకుని వీధికి వినిపించడమేంటిరా నీ మొహం! ఆ రోజు ఇవన్నీ రోడ్డు మీదే అరిచాను. తల వంచుకుని విన్నాడు.

వారం తర్వాత ఫోన్: "బావా, నువ్వు చెప్పినట్టే బ్రేకులు చేయించాను, వచ్చి చూడు."

సంతోషంగా వెళ్లాను. నాలుగు చక్రాల సందుల్లోంచి నిగనిగలాడుతూ ఎర్రటి ప్లాస్టిక్ కవర్లు. లోపల, ప్యాడ్‌లను నొక్కి పట్టే కాలిపర్లు మాత్రం అవే పాతవి.

"మరి ఆయిల్?"

"అది బయటికి కనపడదు కదా బావా."